షెహజాది ఇవ్వనన్న తొట్టి

"ఇక వదిలెయ్" అన్న మాట వింటే షెహజాదికి ఒళ్ళు మండుతుంది. అన్నది ఎవరైనా సరే. నలభై నాలుగో ఏట కారు స్టీరింగ్ పట్టుకుని, డ్రైవింగ్ పరీక్షలో నాలుగుసార్లు తప్పింది. నాలుగోసారి పరీక్ష పెట్టినాయన "ఈ ఊళ్ళో బస్సులు బాగానే తిరుగుతాయి కదా" అని నవ్వితే, ఆయన ఎదుటే నిలబడి ఐదోసారికి తేదీ రాయించుకుంది. ఐదోసారి పాసయ్యింది. థాంక్స్ చెప్పకుండా కారు దిగి వచ్చేసింది. అదేం మర్యాద అని భర్త మహబూబ్ పాషా అడిగితే, "నాలుగుసార్లు చెప్పాగా, చాల్లే" అంది.

ఆమెది చీరాల. తండ్రికి పరుపుల కొట్టు. దూది ఏకే కుటుంబం, ఇంట్లో తెలుగే. ఇంటర్లో బైపీసీ చదివి, ఆ తరవాత చదువు ఆపేసి పెళ్ళి చేస్తే, ఆ కోపం ఇప్పటికీ పోలేదు. పాషా సిడ్నీలో బస్సు నడుపుతాడు. నెమ్మదస్తుడు, గొడవంటే ఆమడ దూరం. షెహజాది ముసలివాళ్ళ హోమ్‌లో పన్నెండేళ్ళుగా వంట చేస్తోంది. ఆ ఊరి శివారు క్వేకర్స్ హిల్‌లో రెండు పడగ్గదుల అద్దె ఇల్లు, పదేళ్ళ కూతురు అలీజా. ఆ కూతురికోసం వచ్చిందే ఈ కథలోని గాజు తొట్టి.

అలీజా స్నేహితురాలి వాళ్ళు పెర్త్‌కి వెళ్ళిపోతూ తొట్టిని, అందులో ఉన్న ఐదు గప్పీ చేపల్ని వీళ్ళకిచ్చి వెళ్ళారు. ముప్పై లీటర్ల చిన్న తొట్టి. గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. కన్న తల్లే తినేస్తుందని తెలిసి షెహజాది మధ్యలో జాలీ అడ్డం పెట్టింది. జనవరిలో ఇరవై పిల్లలు పుట్టాయి. నెల తిరక్కుండానే అన్నీ పోయాయి. మార్చిలో మళ్ళీ పుట్టాయి, మళ్ళీ పోయాయి. మొదటిసారి అలీజా వెక్కి వెక్కి ఏడ్చింది. రెండోసారి ఏడవలేదు. తొట్టి వైపు చూడటం మానేసింది. సోఫాలో కూడా అటు వీపు పెట్టి కూర్చునేది. పిల్ల ఏడిస్తే ఓదార్చవచ్చు, ఇలా వీపు పెట్టి కూర్చుంటే ఏం చెయ్యాలో పాషాకి తెలియలేదు.

జూన్‌లో మూడోసారి ఇరవై మూడు పుట్టాయి. కళ్ళు తప్ప ఇంకేం లేనట్టుంటాయి అవి. వాటిని చూసి షెహజాది సంబరపడితే పాషా దిగులుపడ్డాడు.

"ఈసారి కూడా పోతే తొట్టి రామానుజం గారికి ఇచ్చేస్తాను. పిల్ల మొహం నేను చూడలేకపోతున్నా" అన్నాడు.

రామానుజం గారంటే చెప్పాలి. పక్క స్టేషన్ స్కోఫీల్డ్స్‌లో సొంత ఇల్లు. పారమట్టాలో పెద్ద ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. హాల్లో నాలుగడుగుల తొట్టి ఉంది. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరికి జలుబు చేసినా, ఎవరి పెరట్లో కరివేపాకు చెట్టు ఎండినా ముందు ఆయన సలహా వస్తుంది, ఆ తరవాతే మిగతావాళ్ళు నోరు విప్పాలి. ఒక ఆదివారం ఆయన పనిగట్టుకుని వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని తొట్టి ముందు వంగి చూశాడు.

"ఓవర్ ఫీడింగమ్మా షెహజాదీ. ఇంకేం లేదు. ఆడవాళ్ళ చెయ్యి పెద్దది. ఆకలి అనుకుని గుప్పెట్లకి గుప్పెట్లు పోసేస్తారు. అది కుళ్ళి నీళ్ళు పాడవుతాయి. వారానికి రెండుసార్లు సగం నీళ్ళు మార్చు. మేత తగ్గించు."

షెహజాదికి చిర్రెత్తుకొచ్చింది. పన్నెండేళ్ళుగా డెబ్బై మంది ముసలివాళ్ళకి షుగరెంత, ఉప్పెంత అని తూచి వండే చెయ్యి అది. అయినా పెద్దాయన కదా అని పళ్ళబిగువున ఊరుకుంది. పైగా పిల్లలు బతకాలి. ఆయన చెప్పినట్టే చేసింది. మేతని రెండు వేళ్ళ మధ్య పొడి చేసి సూదిమొనంత వేసింది. బుధవారం, ఆదివారం సగం నీళ్ళు మార్చింది.

నీళ్ళు మార్చడంలో ఆమె చూపే శ్రద్ధ చూడాల్సిందే. ముందు రోజు సాయంత్రం అమ్మ ఇచ్చిన రాగి బిందెను చింతపండు, ఉప్పు వేసి మొహం కనిపించేలా తోమేది. పెళ్ళయి వచ్చేటప్పుడు చీరల మధ్య చుట్టి, సూట్‌కేసులో పెట్టి తెచ్చుకున్న బిందె అది. కుళాయి నీళ్ళు పట్టి, కొట్టులో కొన్న క్లోరిన్ పోగొట్టే మందు నాలుగు చుక్కలు వేసి, ఆ బిందెలో పోసి, పైన పలచటి గుడ్డ కప్పి, మర్నాటిదాకా నిలవ ఉంచేది. ఇంటిల్లిపాదీ తాగే నీళ్ళు కూడా రాగి చెంబులోవే. మనుషులకే అంత జాగ్రత్త తీసుకుంటే పసిగుడ్లకి ఇంకెంత తీసుకోవాలి అనుకునేది.

ఆదివారం నీళ్ళు మార్చింది. సోమవారం పొద్దున నాలుగు పిల్లలు వెల్లకిలా తేలాయి. బుధవారం బిందెను మరింత తోమి మార్చింది. గురువారం ఐదు పోయాయి. పద్నాలుగు మిగిలాయి.

ఆ ఐదింటినీ చెంచాతో తీస్తుంటే అలీజా బ్యాగు తగిలించుకుని బడికి వెళ్ళబోతూ ఆగింది.

"హౌ మెనీ?" అంది. చాలా వారాల తరవాత తొట్టి గురించి ఆమె అడిగిన మొదటి మాట అదే.

"ఐదమ్మా."

"డాడ్ ఈజ్ రైట్. జస్ట్ గివ్ ఇట్ అవే, మమ్" అని వెళ్ళిపోయింది.

షెహజాది చెంచా కింద పెట్టింది. చేపలు పోతే ఒక బాధ. పదేళ్ళ పిల్లకి అప్పుడే వదిలెయ్యడం అలవాటవుతోందే, అది ఇంకా పెద్ద బాధ. పాషా ఆ రోజే రామానుజం గారికి ఫోన్ చేసి, వచ్చే శనివారం వచ్చి తొట్టి తీసుకెళ్ళమన్నాడు. మాట ఇచ్చేశాక భార్యకి చెప్పాడు. ముందే చెబితే ఇవ్వనిచ్చేది కాదని ఆయనకి తెలుసు.

"శనివారానికి ఇంకా తొమ్మిది రోజులుంది కదా" అని మాత్రం అంది షెహజాది. ఆ గొంతు విని పాషా పేపరు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పని అయ్యాక జామ్ సీసాలో తొట్టి నీళ్ళు పట్టుకుని చేపల కొట్టుకి వెళ్ళింది. కొట్టులో అమ్మాయి ఆ నీళ్ళలో చుక్కలు వేసి, రంగులు చూసి, మెచ్చుకోలుగా తలూపింది. అమ్మోనియా లేదు, నైట్రైట్ లేదు, నీళ్ళు చాలా శుభ్రంగా ఉన్నాయంది. ఇంకొకరైతే ఆ మాటకి పొంగిపోదురు. షెహజాదికి మాత్రం అక్కడే కోపం ముంచుకొచ్చింది. మేత ఎక్కువై కుళ్ళితే అమ్మోనియా కనిపించాలి. కనిపించలేదంటే తన చేతిలో తప్పు లేదు. మరి ఇంత శుభ్రమైన నీళ్ళలో పిల్లలు ఎందుకు చస్తున్నాయి? అవే చుక్కల పెట్టె ఒకటి, తొట్టిలోకి ఒక మొక్క కొనుక్కుని, కారులోంచే రామానుజం గారికి ఫోన్ చేసింది.

"ఆ కొట్టువాళ్ళ టెస్టులు నమ్మకమ్మా. ఇంకో బిందెడు ఎక్కువ మార్చు, అంతే" అన్నాడాయన.

ఆమె మార్చలేదు. ఇంటికి వచ్చి ఫ్రిజ్ మీది క్యాలెండర్ ముందు నిలబడింది. ఆమె పని చేసే హోమ్‌లో ఎవరికైనా కడుపు నొప్పి వస్తే, ముందు రోజు వంటగదిలోకి కొత్తగా ఏం వచ్చిందని వెతుకుతారు. ఆమె అదే వెతికింది. షిఫ్టులు రాసుకునే గళ్ళలోనే నీళ్ళు మార్చిన రోజులకి సున్నా, చచ్చిన రోజులకి గీతలు మొదటినుంచీ పెట్టుకుంటూ వచ్చింది. గీత ఉన్న ప్రతి గడికీ ముందు గడిలో సున్నా ఉంది. జనవరిలో అంతే, మార్చిలో అంతే. ఆరు నెలలుగా కళ్ళెదుటే ఉన్నది అప్పుడు చూసింది.

ఆదివారం నీళ్ళు మార్చకుండా ఊరుకుంది. సోమవారం పద్నాలుగు. మంగళవారం పద్నాలుగు. కానీ మంగళవారం సాయంత్రం చుక్కలు వేస్తే పసుపుగా ఉండాల్సిన నీళ్ళు లేత ఆకుపచ్చకి తిరిగాయి, అంటే అమ్మోనియా. పద్నాలుగు పిల్లలు, ఐదు పెద్దవి కలిసి చేసే మురికి అది. నీళ్ళు మార్చకపోతే ఆ మురికి చంపుతుంది, మారిస్తే ఇంకేదో చంపుతుంది. షెహజాది వంటగదిలో నడుము మీద చేతులు పెట్టుకుని ఒక్కొక్కటే లెక్కకి తెచ్చుకుంది. కుళాయి నీళ్ళా? ఊరంతా తాగుతోంది. మందా? కొట్టులోవాళ్ళూ అదే వాడతారు. ఇక మిగిలింది సింకు పక్కన తళతళా మెరుస్తున్న బిందె ఒక్కటే.

అమ్మ ఇచ్చిన బిందెను అనుమానించడానికి ఆమెకి మనసు రాలేదు. ఒకసారి చూపు తిప్పుకుంది. మళ్ళీ చూసింది. చీరాలలో అమ్మ కళాయి పూయని రాగి గిన్నెలో పులుసు పెట్టేది కాదు, మజ్జిగ పోయనిచ్చేది కాదు. చిలుము దిగి విషమవుతుందని తిట్టేది. అది తనకి తెలియనిదా? చిన్నప్పుడు వీపు మీద దెబ్బతో నేర్చుకున్నదే. అలాంటిది ప్రతిసారీ చింతపండుతో రాగిని నున్నగా తోమి, అందులో పూటంతా నిలవపెట్టిన నీళ్ళని వేలిగోరంత లేని పిల్లల మీద పోసింది. పెద్ద చేపలు తట్టుకున్నాయి. పసివి ఎలా తట్టుకుంటాయి? తొట్టి వచ్చిన కొత్తలో అందులో ఉన్న నత్తలు కూడా ఎప్పుడో మాయమైన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

అనుమానం సరిపోదు, రుజువు కావాలి. కొత్తగా కొన్న మొక్కకి అంటుకుని నాలుగు బుల్లి నత్తలు వచ్చాయి. రెండు జామ్ సీసాలు తీసింది. ఒకదానిలో రాత్రంతా బిందెలో నిలవ ఉంచిన నీళ్ళు, రెండోదానిలో అలాగే ప్లాస్టిక్ బకెట్లో ఉంచిన నీళ్ళు. ఒకటే కుళాయి, ఒకటే మందు. రెండేసి నత్తల్ని వేసి కిటికీ దగ్గర పెట్టింది. బుధవారం సెలవు పెట్టి మరీ ఇంట్లో కూర్చుంది. మధ్యాహ్నానికల్లా బకెట్ నీళ్ళ నత్తలు గాజు మీద పాకుతూ పైకి ఎక్కాయి. బిందె నీళ్ళవి గుల్ల మూసుకుని అడుగున పడి ఉన్నాయి.

బడి నుంచి వచ్చిన అలీజా సీసాల ముందు ఆగిపోయింది.

"వాట్స్ దిస్?"

షెహజాది చెప్పింది. ఏదీ దాచకుండా చెప్పింది. "అన్నిటినీ నేనే చంపానమ్మా. ఈ బిందెతో, నా చేతులతో."

ఆ మాట బయటికి వచ్చాక ఇక ఆగలేకపోయింది. సింకు పట్టుకుని ఏడ్చింది. యాభై దాకా ప్రాణాలు. వాటికోసం ఎంత తోమిందో, ఎంత మురిసిపోయిందో తలుచుకుని ఏడ్చింది. అలీజా తల్లి ఏడవడం చూసి కంగారుపడింది, కానీ అక్కడినుంచి కదల్లేదు. అడుగున పడిన రెండు నత్తల్ని చెంచాతో తీసి మంచి నీళ్ళలో వేసింది. ఒకటి కాసేపటికి గుల్లలోంచి తల బయట పెట్టింది. రెండోది పెట్టలేదు.

"మమ్, ఇంకోసారి చెయ్యాలి. మా టీచర్ సేస్ వన్స్ ఈజ్ నాట్ ఎనఫ్" అంది.

"ఇంకో నత్తని చంపమంటావా?"

"నో! వెంటనే తీసేద్దాం. ఐ విల్ వాచ్."

ఇద్దరూ మళ్ళీ చేశారు. అలీజా కుర్చీ లాక్కుని సీసాల ముందు గడ్డం ఆనించి కూర్చుంది. బిందె నీళ్ళలో వేసిన నత్త గుల్ల మూసుకోగానే అరిచి, చెంచా వేసి తీసేసింది. ఈసారి అది బతికింది. ఆ సాయంత్రం బకెట్ నీళ్ళతో తొట్టి నీళ్ళు పావు వంతు మార్చారు. గురువారం పొద్దున లేచి పళ్ళు కూడా తోముకోకుండా ఇద్దరూ లెక్కపెట్టారు. పద్నాలుగు. నమ్మకం కుదరక మూడుసార్లు లెక్కపెట్టారు. శుక్రవారం మళ్ళీ కొంచెం మార్చి, శనివారం లెక్కపెట్టారు. పద్నాలుగే.

"తొట్టి ఇవ్వను" అంది షెహజాది, టీ తాగుతున్న భర్తతో.

"మాట ఇచ్చాను షెహజాదీ. పెద్దాయన బయల్దేరి ఉంటాడు. ఇప్పుడు కాదంటే ఏం బాగుంటుంది?"

"నన్నడిగి ఇచ్చారా మాట? ఇచ్చింది మీరు. వెనక్కి తీసుకునేదీ మీరే."

పాషా టీలో ఇంకో చెంచా చక్కెర వేసి కలిపాడు. బస్సులో ఎవరైనా టికెట్ తియ్యకుండా ఎక్కితే కూడా ఏమీ అనలేని మనిషి. ఇక మాట వెనక్కి తీసుకోవడమా?

మధ్యాహ్నం రామానుజం గారు రెండు బకెట్లు, ఒక పాత దుప్పటితో దిగాడు. వెంట భార్య శారదాంబ ఉంది. ఎప్పుడు వచ్చినా ఒక మూల కుర్చీలో కూర్చుని చిరునవ్వుతో సరిపెట్టే మనిషి. ఆయన చెప్పులు విప్పి నేరుగా తొట్టి దగ్గరికి నడిచాడు.

"అబ్బే, పద్నాలుగేనా? నే చెప్పానుగా. పోన్లేమ్మా, మా ఇంట్లో పెద్ద తొట్టి పక్కనే పెడతాను. అప్పుడప్పుడు వచ్చి చూసుకుందువు గాని."

"ఇవ్వడం లేదంకుల్" అంది షెహజాది. "ఓవర్ ఫీడింగ్ కాదు. రాగి బిందె." క్యాలెండర్ చూపించింది. సీసాలు చూపించింది. తను చేసిన తప్పు మళ్ళీ తన నోటితోనే చెప్పింది. ఈసారి ఏడవలేదు.

ఆయన నవ్వాడు. "రాగి ఆరోగ్యానికి ఎంత మంచిదో తెలుసా నీకు? మన పెద్దవాళ్ళు పిచ్చివాళ్ళా?"

"మన పెద్దవాళ్ళు రాగి గిన్నెలో మజ్జిగ పోయనిచ్చారా అంకుల్?"

ఆయన మొహం ఎర్రబడింది. అలా ఎదురు ప్రశ్న వేయించుకోవడం ఆయనకి అలవాటు లేదు.

"ఇరవై ఏళ్ళ ఎక్స్‌పీరియన్స్ అమ్మా నాది. యూట్యూబ్ చూసి నేర్చుకున్నది కాదు."

"ఆ ఇరవై ఏళ్ళలో మీ తొట్టిలో పుట్టిన పిల్లలు ఎన్ని బతికాయి?"

"ఒక్కటీ లేదు."

ఆ జవాబు చెప్పింది ఆయన కాదు. మూల కుర్చీలోంచి శారదాంబ. అందరూ అటు తిరిగారు. ఆవిడ మొహంలో చిరునవ్వు లేదు.

"మేమూ రాగి బిందె నీళ్ళే పోస్తాం. పూజ సామానుతో పాటు ఆ బిందె కూడా నాచేతే చింతపండు పెట్టి తోమిస్తారు" అంది, భర్త వైపు చూస్తూ. "నా మేత వల్లే చస్తున్నాయని చెప్పి చేపల దగ్గరికి నన్ను రానివ్వడం మానేశారు. మూడేళ్ళయింది. ఎవరింటికి వెళ్ళినా అదే కథ. నలుగురూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నిజంగానే నేనే చంపానేమో అనుకునేదాన్ని."

రామానుజం గారు ఆ మాటలు వినపడనట్టు పాషా వైపు తిరిగాడు.

"ఏమయ్యా పాషా, నువ్వు మాట ఇచ్చావు కాబట్టి వచ్చాను. ఏమంటావ్?"

పాషా షెహజాదిని చూశాడు. ఆమె ఆయనకి సాయం రాలేదు. అలీజా ఎప్పుడు వచ్చిందో తొట్టికి వీపు ఆనించి, రెండు చేతులూ అడ్డం చాచి నిలబడి ఉంది. ఆ చేతులు చిన్న తొట్టిని దాటి రెండు పక్కలా బయటికి వచ్చాయి. పాషా రామానుజం గారి వైపు తిరిగాడు.

"మాట నాది అంకుల్" అన్నాడు. "తొట్టి నాది కాదు. ఇవ్వలేను."

పాతికేళ్ళు దాటిన కాపురంలో షెహజాది భర్తని చూసి గర్వపడిన రోజులు ఉన్నాయి, కానీ ఇంతగా పడిన రోజు లేదు. ఆ సంగతి మొహంలో కనపడనివ్వకుండా తొట్టి వైపు తిరిగి చుక్కల పెట్టె అందుకుంది.

రామానుజం గారు దుప్పటి మడిచి, బకెట్లు ఒకదానిలో ఒకటి పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాడు. "పద శారదా" అన్నాడు.

శారదాంబ లేచింది. గుమ్మం వైపు కాకుండా కుర్చీ తీసుకొచ్చి తొట్టి ముందు వేసుకుని, అలీజా పక్కన కూర్చుంది.

"మీరు కారులో వెళ్ళండి" అంది. "ఈ అమ్మాయి నీళ్ళు ఎలా మారుస్తుందో మొత్తం చూసి ట్రైన్‌లో వస్తాను. స్కోఫీల్డ్స్ ఇక్కడికి ఒక్క స్టేషనేగా."